చుక్కల మాస్టారి కూతురు

మా బావను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కెమిస్ట్రీ పుస్తకంలో ఏ ప్రశ్న పరీక్షకు వస్తుందో పసిగట్టి దాని పక్కన చుక్క పెడతాడు కాబట్టి చుక్కల మాస్టారు. ఒక చుక్కంటే రావచ్చు, రెండంటే వస్తుంది, మూడంటే కళ్లు మూసుకుని బట్టీపట్టు. ఏడాదంతా పుస్తకం మొహం చూడని పిల్లలు పరీక్షకు వారం ముందు ఆయన మేడ మెట్లెక్కుతారు, గట్టెక్కిపోతారు. ఆ మేడ కిందే నా జిరాక్స్ కొట్టు. చుక్కలు పెట్టిన ప్రశ్నల కాగితాలు తీసేది నేనే. ఆయన గురించి నోరు విప్పే హక్కు నాకు కాకపోతే ఇంకెవరికి ఉంటుంది?

నిజానికి ఆయనకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. ఒకప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఎందుకు, ఎలా అని విడమరిచి చెబుతూ కూర్చుంటే సిలబస్ సగంలోనే ఆగిపోయేది. యాజమాన్యం మర్యాదగానే సాగనంపింది. తర్వాత మేడ మీద ట్యూషన్ పెట్టాడు, పాఠం వినేవాడే రాలేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, వాటిని తయారుచేసేవాళ్ల బుర్ర ఎటు తిరుగుతుందో పట్టేశాడు. పాఠం చెప్పినన్నాళ్లూ ఈగలు తోలుకున్న మనిషికి, చుక్కలు మొదలుపెట్టాక ఊపిరి సలపలేదు. అందుకు ఆయన లోకాన్నీ క్షమించలేదు, తననీ క్షమించుకోలేదు. కాగితం నా చేతికిస్తూ, "ఇదిగోరా, ఈ ఏటి విషం" అనేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. నర్సింగులో చేరాలని దానికి చిన్నప్పటి నుంచి ఒకటే పట్టు. "నువ్వా కాగితం ముట్టుకోకు, నీకు నేనే కూర్చోబెట్టి చెబుతాను" అని ఏడాదంతా ఊరించాడు. తీరిక ఏదీ? ఏడాది పొడుగునా ఏదో ఒక కాలేజీ పరీక్ష ఉండనే ఉంటుంది. మేడ మీద బెంచీల నిండా ఊరి పిల్లలుంటే, సొంత పిల్ల వంటింటి గుమ్మంలో పుస్తకం పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూసింది. ఇంటర్లో అన్నీ పాసై కెమిస్ట్రీ ఒక్కటి తప్పింది. చుక్కల మాస్టారి కూతురు కెమిస్ట్రీలో తప్పిందంటే వీధి నవ్వకుండా ఉంటుందా? కడుపుబ్బా నవ్వింది.

మళ్లీ రాసుకోవడానికి ఒక్క అవకాశం ఉంది. అదీ పోతే నర్సింగు సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. ఆ పరీక్షకూ ఊరి పిల్లలు వచ్చారు. వాళ్లకు చుక్కలు పెట్టి పంపేసరికి నాలుగు రోజులే మిగిలాయి.

ఆ మధ్యాహ్నం నా మేనకోడలు కొట్టులోకి వచ్చి, "మామయ్యా, నాకూ ఒక కాగితం ఇవ్వవా?" అంది. మిషన్లోంచి అప్పుడే వచ్చిన వేడి కాగితం చేతిలో పెట్టాను. మెట్లు దిగుతున్న బావ చూడనే చూశాడు. లాక్కుని చింపేశాడు.

"బావా, ఈ ఒక్కసారికి వదిలెయ్. దాని బతుకురా అది," అన్నాను కోపంలో మర్యాద మరిచిపోయి.

"రేపు రోగికి మందు కలిపేది ఇదే. ఎన్ని నీళ్లకి ఎంత మందో తెలియకుండా, చుక్కలు చూసి కలుపుతుందా?"

మా అక్క పైనుంచి అందుకుంది. "ఊరి పిల్లలకి పెట్టే చుక్కలు మన పిల్లకి పెడితే చేతులు పడిపోతాయా?"

"ఊరి పిల్లలు నా పిల్లలు కారు," అన్నాడు బావ.

ఆ మాట ప్రేమతోనే అన్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొదటి పాఠం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. నేను టీ తీసుకుని పైకి వెళ్లేసరికి మా అక్క గుండీల డబ్బా బెంచీ మీద బోర్లించి ఉంది. పది గుండీలు తూచి, ఆ బరువును బట్టి మొత్తం డబ్బాలో ఎన్నున్నాయో చెప్పమంటున్నాడు. పిల్ల కాసేపు జుట్టు పీక్కుంది. తర్వాత తలెత్తి, "అంటే కంటికి కనపడని అణువుల్ని కూడా తూచే లెక్కపెడతామన్నమాట. మోల్ అంటే అదా నాన్నా?" అంది. బావ మొహం చూడాల్సింది. ఇన్నేళ్లలో ఆయన్ను అంత సంతోషంగా నేనెన్నడూ చూడలేదు. ఇద్దరూ తిండి ధ్యాస కూడా మరిచిపోయారు.

ఆఖరి రోజు సాయంత్రం పిల్ల పుస్తకం తిరగేసి, "నాన్నా, ఇంకా సగానికి పైగా ముట్టుకోలేదు" అంది.

"తొందరపడితే బుర్రకెక్కదమ్మా."

"పరీక్ష రేపు."

"తెలుసు" అన్నాడు, సుద్దముక్క మళ్లీ అందుకుంటూ. అప్పుడైనా ఒక పది చుక్కలు పెట్టొచ్చు. పెట్టలేదు. ఆ క్షణంలో ఆయన్ను కొట్టాలనిపించింది.

మర్నాడు పరీక్ష కేంద్రం గేటు దగ్గర నేనూ ఉన్నాను. పిల్లలు గుంపుగా వచ్చి ఆయన్ను చుట్టుముట్టారు. "మూడు చుక్కలవి ఒక్కటీ పొల్లుపోలేదు మాస్టారూ" అని చేతులు పట్టుకుని ఊపేశారు. ఆయన బిక్కమొహం వేసుకుని వాళ్ల భుజాల మీదుగా కూతురి కోసం చూశాడు. అందరి వెనకా వచ్చింది.

"ఎలా రాశావమ్మా?"

"నువ్వు చెప్పింది బాగా రాశాను. అందులోంచి ఒక్క ప్రశ్నే వచ్చింది."

"మిగతావి?"

"మిగతావి వీళ్లందరికీ వచ్చు నాన్నా. వీళ్లనడుగు."

పిల్ల తప్పింది. ఫలితాలొచ్చిన రోజు బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని నర్సింగు కాలేజీకి బయల్దేరాడు. ఒంటరిగా పంపబుద్ధి కాక నేనూ వెంట వెళ్లాను. అక్కడి గుమాస్తా ముందు ఆయన రెండు చేతులూ జోడించాడు. "మా అమ్మాయికి సబ్జెక్టు తెలుసండీ. చదివినంతలో ఏదైనా అడిగి చూడండి, విడమరిచి చెబుతుంది" అని బతిమాలాడు.

గుమాస్తా గౌరవంగా లేచి నిలబడ్డాడు. "మీరు చుక్కల మాస్టారు కదూ? మా అబ్బాయి కూడా మీ దగ్గరే గట్టెక్కాడండీ. మీ చలవే" అన్నాడు. తర్వాత, నిజంగానే జాలిపడుతూ, "మీ అమ్మాయికి కూడా మీరే కాస్త చెప్పి ఉండాల్సింది" అన్నాడు.