ఒక కుక్కరు, రెండు ఓడ కూతలు

ఆ రోజుల్లో నా కళ్లు మైక్రోస్కోపులో ఉంటే, మనసు కిటికీలో ఉండేది. విశాఖ హార్బరు కనిపించే ఓ మేడమీది ల్యాబులో పాథాలజీ పనికి కొత్తగా చేరాను. గులాబీ, ఊదా రంగుల స్లైడు చూస్తూంటే కణాల మధ్య కాలువలూ దీవులూ కనిపించేవి. అలా చూస్తూ చూస్తూ నేనే ఓ పడవెక్కి వెళ్లిపోయేదాన్ని (తిరిగొచ్చేసరికి టీ చల్లారిపోయేది).

రొమ్ముగడ్డ ముక్క వస్తే మా పెద్దమేడమ్ దగ్గర ఓ ఆచారం ఉండేది. ముందు కణాల తీరు చూసి, అది ఏ రకం క్యాన్సరో చీటీ మీద రాయాలి. ఆ తర్వాతే రిసెప్టర్ల పరీక్ష, అంటే హార్మోన్లని పట్టుకునే కొక్కేలు కణాల్లో ఉన్నాయో లేవో రంగు వేసి చూడటం. కణాలు గోధుమరంగుకి తిరిగితే హార్మోను రకం, మాత్రలకి లొంగుతుంది. నీలంగానే ఉండిపోతే ఆ మాత్రలు దండగ. ఆ రంగు పట్టాలంటే ముందు స్లైడ్లని మందునీళ్లలో పెట్టి ప్రెషర్ కుక్కర్లో ఉడికించాలి. అవునండీ, పప్పు వండుకునే కుక్కరే. సరిగ్గా మూడు విజిల్సు.

ఒకరోజు యారాడలో చేపలమ్మే ఓ పెద్దమ్మది ముక్క వచ్చింది. కణాలు బుద్ధిగా చిన్న చిన్న గొట్టాలు కట్టుకుని కూర్చున్నాయి, హార్మోను రకంలో ఎక్కువగా ఉండే తీరే అది. 'హార్మోను రకం' అని దర్జాగా చీటీ రాసి, కుక్కరెక్కించి, కిటికీ దగ్గర నిలబడ్డాను. నీళ్లమీద పల్చటి ఎండ. ఓ ఓడ బయల్దేరుతోంది. ఎక్కడికి పోతుందో, అక్కడివాళ్లు పొద్దున్నే ఏం తింటారో... ఒకటి, రెండు, మూడు. స్టవ్వు కట్టేశాను.

రంగు వేస్తే ఒక్క కణమూ తిరగలేదు. అంతా నీలమే! నా మొహం మాడిపోయింది. చీటీ చింపేసి, 'రిసెప్టర్లు లేవు' అని రిపోర్టు టైపు చేశాను. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది.

"ఏటమ్మా, నా కాయితం అయిందేటి? మాత్రల్తో తగ్గిపోద్దా? నాను బుట్ట దించేత్తే ఇల్లు గడవదు తల్లీ."

లోపలికి పారిపోయి రిపోర్టు సంతకానికి పెట్టాను. మేడమ్ స్లైడు చూసి తలెత్తారు.

"నీ చీటీ ఏది?"

"హార్మోను రకమని రాశానండి. తప్పయిందని చింపేశాను."

"ఎందుకు చింపావ్? ఇలా చూడు. గడ్డ పక్కన జబ్బులేని మామూలు పాలగొట్టాలున్నాయి. వాటికి అక్కడక్కడైనా గోధుమరంగు రావాలి కదా, ఇవీ నీలమేటి? కుక్కరు ఎన్ని కూసింది?"

"మూడండి."

"ఎలా కూసింది?"

గుర్తు తెచ్చుకుని, నిజాయితీగానే చెప్పాను. "మొదటిది స్‌స్‌స్ అందండి. తర్వాతి రెండూ... భోం అన్నాయండి."

"కుక్కరు ఎక్కడైనా భోం అంటుందే, పిచ్చిమొహమా! అది ఓడ!"

కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక రిపోర్టు చింపుతూ, తలుపు సందులోంచి బెంచీ వైపు చూసి, "సంతకం పెట్టేసుంటే?" అన్నారు.

మళ్లీ ఉడికించాను. ఈసారి కిటికీ మూసి, కుక్కరు ముందు స్టూలేసుకుని, వేళ్లు మడిచి లెక్కపెట్టాను. సాయంత్రానికి గడ్డంతా గోధుమరంగు తిరిగింది. సిగ్గులేకుండా ఏడ్చేశాను.

ఇప్పుడు మేడమ్ కుర్చీలో నేనున్నాను. ఉడకబెట్టే పని మిషనే చూసుకుంటుంది. కణాల ఫొటో చూసి రకం ఊహించే కంప్యూటరు ప్రోగ్రాము కూడా వచ్చింది (దానికి కిటికీ లేదు, పాపం). పెద్దమ్మ ఇప్పటికీ బుట్ట ఎత్తుతోంది. ఓడ కూసినప్పుడల్లా నా చిటికెనవేలు దానంతటదే మడుచుకుంటుంది. అప్పటి నేను, ఆ కిటికీ దగ్గరి పిల్ల, ఇప్పుడు ఎదురైతే తిట్టను. ఓడని చూసుకోవే, చీటీ మాత్రం చింపకు, అంటాను.