నాయిన కిర్రు చెప్పులు

నేను కొమురమ్మను. డెబ్బై రెండేళ్ళు. రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో కొడుకు ఇంట్లో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నిన్న ధర్సీవా రోడ్డు మీద, కచ్ఛ్ నుంచి గొర్రెలు తోలుకొచ్చిన ముసలి కాపరి తోలు జోళ్ళు కిర్రుమన్నాయి. ఆటో ఆపించి దిగాను. మందల వెంట పెరిగినవాళ్ళారా, ఆ చప్పుడు గుర్తుందా? మా గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప పండుగకు మా నాయిన ఎర్ర రుమాలు చుట్టి, కొత్త గొంగడి భుజాన వేసి, ఆముదం పట్టించిన కిర్రు చెప్పులు తొడిగేవాడు. ఒక ఏడు జ్వరంతో లేవలేక అవన్నీ నాకే తొడిగాడు. పదేళ్ళదాన్ని. చెప్పులు జారకుండా గుడ్డపీలికతో కట్టుకుని నడిస్తే, ఆ కిర్రు చప్పుడుకు నాయినే అనుకుని మంద మొత్తం నా వెనకే గుడి చుట్టూ తిరిగింది.

నాయిన పోయాక అవి మా పుట్టినూళ్ళో తమ్ముడి దగ్గరున్నాయి. ఫోన్‌లో అడిగాను.

"ఆడబిడ్డవు, నాయిన చెప్పులు నీకెందుకక్కా?" అన్నాడు.

"అప్పుడు నువ్వు అమ్మ సంకల ఉంటివిరా! మంద ఎవరెనక నడిచిందో నీకేమెరుక?" అన్నాను.

తమ్ముడూ, వాటిని నువ్వే పట్టుకుని రా. నేను తొడుక్కుని వరండాలో నడుస్తాను, నువ్వు కళ్ళు మూసుకుని విను. నాయిన వచ్చినట్టు అనిపించకపోతే తీసుకుపో.

ఇది కొమురమ్మ వేలిముద్ర. చూసినవాళ్ళు: మనవరాలు స్వాతి, పక్కింటి మేరీ.