లైటు కింద ఈనని వరి

మా చిన్నప్పుడు... బుచ్చిరెడ్డిపాలెం దగ్గర మా మడి పక్కనే ధాన్యం గోడౌను కట్టి, దొంగల భయానికి పెద్ద ఫ్లడ్‌లైటు పెట్టారు. పొద్దుగూకినా మా చేలో పట్టపగలే. పాముల భయం తీరిందని నాన్న మురిసిపోయాడు...

ఆ ఏడు వేసింది మొలగొలుకులు, మా నెల్లూరు వైపు పాత రకం వరి. విత్తనం మా పెదనాన్న ఇచ్చాడు. ఊళ్ళో సగం మంది ఆయన గాదెలోని విత్తనమే చల్లేవాళ్ళు, అంత నమ్మకం.

కార్తీకానికి ఊరంతా వరి ఈనింది. మా మడి మాత్రం పచ్చగా, ఏపుగా, ఒక్క వెన్నూ తీయకుండా నిలబడింది. యూరియా చల్లితే ఇంకా పచ్చబడింది...

టీ అంగడి దగ్గర నాన్న నలుగురిలో అననే అన్నాడు. "కల్తీ ఇత్తనాలిచ్చి నా కడుపు కొట్టినావన్నా."

పెదనాన్న గ్లాసు కింద పెట్టాడు. "నా చేలో అవే ఇత్తనాలు ఈనినాయి గదరా," అని లేచి వెళ్ళిపోయాడు.

కోతలప్పుడు బయటపడింది... రాత్రిళ్ళు ఆ లైటుకు మా మోటారు కొట్టం నీడ పడినంత మేర వరి పండి వంగి ఉంది. నీడ ఆగినచోటే పంటా ఆగిపోయింది. ఆ అవతలంతా ఉత్త గడ్డి. మొలగొలుకులకు రాత్రి చీకటి కావాలి, లేకపోతే ఈనవు.

"లైటే... ఇత్తనం గాదు," అని నాన్న గట్టు మీద కూలబడ్డాడు.

ఆ పూటే నన్ను వెంటేసుకుని పెదనాన్న ఇంటికి వెళ్ళాడు. "తప్పైపోయిందన్నా."

పెదనాన్న లోపలి నుంచే అన్నాడు. "నలుగురిలో అన్నావు. నా ఒక్కడికి జెప్తే పోద్దా?"

మర్నాడు నాన్న టీ అంగడిలో అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. "లైటుకు వరి ఈనకపోవడమేందబ్బా, అన్నను ఎనకేసుకొస్తా ఉండావు," అని నవ్వారు. మళ్ళీ ఎవరూ పెదనాన్నను విత్తనం అడగలేదు. ఆయన గాదె ఖాళీగానే ఉండిపోయింది, చనిపోయేదాకా ఆయన మా గడప తొక్కలేదు.

మొన్న మా అమ్మాయి కావలిలో తన కాలేజీ నుంచి చిన్న మీటరు తెచ్చింది. పైకి పెడితే ఆకాశంలో చీకటి ఎంతుందో అంకె చూపిస్తుందట. బాగా చీకటి పడ్డాక వాళ్ళ తాతను కూడా తీసుకెళ్ళి ఆ మడి గట్టు మీదే కొలిచింది. ఇప్పుడు చుట్టూ లేఅవుట్ల లైట్లు, హైవే లైట్లు...

"టౌన్లో ఎంతో ఇక్కడా దాదాపు అంతేనమ్మా," అంది నాతో. "లైట్ల వెలుతురు ఆకాశం దాకా పోతుంది తాతా, అది కూడా ఇది పట్టేస్తుంది."

నాన్న ఆ మీటరును చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. "ఇది అప్పుడు యాడుందమ్మా, నలుగురికీ జూపించేదానికి..." అన్నాడు.

మా వైపు చీకటి లేకుండా పోయింది... మీ ఊళ్ళో చుక్కలు నిండుగా కనిపించే చోటు ఇంకా మిగిలుంటే కింద రాయండి. నాన్న బతికుండగా ఒకసారి తీసుకెళ్ళాలని ఉంది.