ఖాళీ కుర్చీకి ముక్కలు

ఐర్లండ్‌లోని గాల్‌వే క్యాసినోలో ఇరవై రెండేళ్లుగా ముక్కలు పంచుతున్న డెర్వ్‌లా ఆటగాళ్లను తిట్టని రోజు లేదు. బస్సు డ్రైవరు మలాకీనైతే మరీను. మంచి ముక్కలు పడితే అతని నోరు ఆగేది కాదు, ఎదురాడే మాకు తెలిసిపోయేది. "నోర్మూసుకుని ఆడవయ్యా, గెలుస్తావు!" అని మొత్తుకునేది.

కరోనాకి అన్నీ మూసేయకముందే మలాకీ పోకర్ టోర్నమెంటుకి డబ్బు కట్టాడు. ఆ చలికాలమే పోయాడు. తిరిగిస్తామంటే భార్య వద్దంది. "ఆయన్ని ఆడనివ్వండి" అందట.

మళ్లీ తెరిచిన రోజు అతని ఖాళీ కుర్చీకీ డెర్వ్‌లా ముక్కలు వేసింది. మనిషి రాకపోయినా, వంతు వస్తే అతను కట్టిన డబ్బుకిచ్చిన బిళ్ళలు పందెంలో పెట్టాలి, అది నియమం. మాలో ఎవరు పందెం కాసినా అవి వాళ్లవే. మామూలుగా అలాంటి బిళ్ళల కోసం గద్దల్లా కాచుక్కూర్చుంటాం.

మలాకీ వంతు వచ్చింది. నేను డ్రాప్ అన్నాను. పక్కావిడా డ్రాపే. అందరూ ముక్కలు పడేశాక, ఎంగిలి చేత్తో కాకిని తోలని ఫింటన్ ఒక్కడే మిగిలాడు.

"నీ సంగతేంట్రా?" అంది డెర్వ్‌లా.

"నావి చెత్త ముక్కలు," అన్నాడు వాడు, వాటిని తిప్పి చూడకుండానే.

పోటీకి ఎవరూ లేకపోయేసరికి డెర్వ్‌లా పందెంలోని బిళ్ళలన్నీ ఖాళీ కుర్చీ ముందుకి తోసింది. మాస్కు కళ్ల దాకా లాక్కుంది.

"చెప్పానా మలాకీ, నోర్మూసుకుని కూర్చుంటే గెలుస్తావని!"