టోక్యోలో మా ఆయన వెళ్ళొస్తానన్న చోటు

నమ్మకపోతే మానేయండి, నేనేమీ అనుకోను. కానీ ఇది నా కళ్ళతో నేను చూసింది. తాగి లేను... నిద్రమత్తులోనూ లేను. హాలిఫాక్స్‌లో ఫార్మసిస్టుని. గ్రాము తేడా రాకుండా మందులిచ్చే మనిషిని, దయ్యాలతో నాకేం పని?

ఇండియా నుంచి కెనడాకి తిరిగొస్తూ నేనూ, మా ఆయన ప్రసాద్ టోక్యోలో ఆగాం. రాత్రి కబుకిచో చూద్దామన్నారు. అదేం వీధో నాకు తెలియక కాదు. మగవాళ్ళ సరదాల వీధి. ఊరికే చూడ్డానికేనని నసిగారు. ఒంటరిగా పంపడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? వెంట బయల్దేరాను.

అప్పుడే వాన వెలిసింది. నేలంతా తడి... ఆ తడిలో గులాబీ, ఊదా రంగు దీపాలు. మేడంత బోర్డుల మీద పౌడరు రాసుకున్న కుర్రాళ్ళ ముఖాలు. వాళ్ళతో కబుర్లు చెప్పడానికి ఆడవాళ్ళు డబ్బిచ్చి వస్తారట. నేనూ వెళ్ళొస్తానంటే మా ఆయన ముఖం చూడాలి మీరు. ఇంకా మూయని గొడుగుల కింద అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. కొందరు మా అమ్మాయి వయసు వాళ్ళు... చూపు తిప్పుకున్నాను. పైన మైకులో ఎవరో హెచ్చరిస్తూనే ఉన్నారు. పిలిచినవాళ్ళ వెంట వెళ్ళకండని, ఇంగ్లీషులో కూడా.

మమ్మల్నెవరూ పిలవలేదు. మేమే వెళ్ళాం.

ఒక సందులో సన్నటి మెట్లు, పైన చిన్న బార్. నలుగురు కూర్చుంటే నిండిపోయేంత. బూడిదరంగు కిమోనోలో ఒక పెద్దావిడ మాకు వేడి తువ్వాళ్ళిచ్చి, ఉడికించిన దుంపలేవో పెట్టింది. వేరే ఎవరూ లేరు. ఏదో పాత పాట... ఉందా లేదా అన్నట్టుగా. మా ఆయన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఆఫీసులో లేఆఫ్‌ల భయంతో ఏడాదిగా ఆ మనిషికి కంటి నిండా నిద్ర లేదు. అక్కడ మాత్రం చంటిపిల్లాడిలా కూర్చున్నారు. నాకు సంతోషమేసింది. కొంచెం కడుపుమంట కూడా, అబద్ధమెందుకు?

లేచేటప్పుడు జరిగింది తప్పు. మనం గడప దాటుతూ 'వెళ్తాను' అనం కదా... అపశకునం. ఈయన ఫోన్‌లో వెతికి, జపనీస్‌లో 'వెళ్ళొస్తాను' అంటే ఏమిటో చూసుకుని, వంగి మరీ చెప్పారు.

"ఇత్తెకిమాస్."

గ్లాసు తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. ఆయన్నే చూసింది... చాలాసేపు. నవ్వలేదు. తర్వాత మెత్తగా ఏదో అంది. పిల్లాణ్ణి బడికి పంపుతూ అన్నట్టు.

కిందికి దిగాం. మా హోటల్ కుడివైపు. ఆయన ఎడమకి తిరిగారు. ఇటు దగ్గరన్నారు. ఎలా తెలుసు? ఫోన్ తీయలేదు... ఎవరినీ అడగలేదు. ఒక మలుపు. ఇంకో మలుపు. జనం పలచబడ్డారు. మైకు వినిపించడం మానేసింది. మా అడుగుల చప్పుడే... టప్... టప్... ఒక దుకాణం ముందు ఊడుస్తున్న ముసలాయన మా ఆయన్ని చూసి తల వంచాడు. ఈయనా వంచారు, రోజూ చేసే పనిలా. ముసలాయన నన్ను మాత్రం చూడలేదు. నేను అక్కడ లేనట్టే.

మళ్ళీ అవే మెట్లు.

పైన తలుపు తీసి ఉంది. గడప దగ్గర ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు. ఇందాక లేవు. లోపలికి తిప్పి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి... ఒక్క జతే.

లోపల్నుంచి ఆ గొంతు. "ఒకాయెరి..."

ఆయన నా చెయ్యి వదిలేశారు. మెట్లెక్కుతున్నారు. తొందర లేదు, భయం లేదు. చొక్కా పట్టుకుని లాగాను. కదల్లేదు... గోడని లాగినట్టుంది. పై మెట్టు మీద వంగి బూటు లేసు విప్పుతున్నారు. ఆ బూటు విప్పి లోపలికెళ్తే నాకిక దొరకరని తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగకండి.

నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడే మా అత్తగారు చెప్పారు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకు, ఎక్కడికని అడగకు, వెళ్ళే పని చెడుతుందని. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు నాకు కావలసింది ఆ పని చెడడమే. వెనక నుంచి పిలిచాను.

"ఏవండీ... ఎక్కడికి?"

ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగారు.

"బయల్దేరేటప్పుడు ఎక్కడికంటావేంటి సుధా?"

ఎంత విసుగో ఆ గొంతులో. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనక దీపం ఆరిపోయింది... తలుపు మెల్లగా మూసుకుంది. చప్పుడే లేదు. లేసు వేలాడుతుండగానే ఆయన్ని లాక్కొచ్చాను.

పొద్దున అడిగితే, బార్ నుంచి నేరుగా హోటల్‌కే వచ్చామన్నారు. నాకే అలసటకి కలొచ్చి ఉంటుందట. ఇక్కడికి వచ్చాక మా ఫార్మసీలో పనిచేసే జపాన్ అమ్మాయికి చెప్పాను. మొదట నవ్వింది. ఇత్తెకిమాస్ అన్న మాట సొంత ఇంట్లోంచి బయటికెళ్ళేటప్పుడే అంటారట, బార్‌లో ఎవరూ అనరట. తిరిగొచ్చినవాళ్ళని ఇంట్లోవాళ్ళు పలకరించే మాట ఒకాయెరి అట. ఇది చెబుతూ చెబుతూ నవ్వడం మానేసింది.

అప్పటినుంచి ఆయన పొద్దున్నే రేవు దాటించే ఫెర్రీ పడవకి బయల్దేరుతుంటే రోజూ అడుగుతున్నాను, ఎక్కడికని. మొదట్లో తిట్టేవారు. తర్వాత ఆఫీసుకే తల్లీ అనేవారు. మొన్న మంచు పడుతుంటే, బూట్లు వేసుకుంటూ, తలెత్తకుండా, చాలా మెత్తగా అన్నారు.

"ఇంటికి."

వెంటనే నవ్వేసి, నోరు జారిందన్నారు. జారే ఉంటుంది. నిద్రలేని మనిషి... ఏమో, నాకు తెలియదు. ఆ సాయంత్రం రేవుకెళ్ళి చలిలో నిలబడ్డాను. ఫెర్రీ వచ్చింది. ఆయన దిగారు, నన్ను చూసి ఆశ్చర్యపోయారు. చెయ్యి గట్టిగా పట్టుకుని, ఇటు అని నేనే ముందు నడిచాను.