సందు మొదటి బూడిద స్లాబు

సందు మొదట్లో కాలువ మీద స్లాబు వేసిన మేస్త్రి, సిమెంటు మింగేసి బదులుగా బూడిద కలిపాడని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కలిపిన మాట నిజం, మింగిన మాట అబద్ధం. ఆ రెండింటికీ ముడివేసింది కాలువ పక్కనే మిషను కుట్టే దర్జీ అక్క.

బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పిండిలాంటి బూడిదా, చేపల వలల కార్ఖానా పారేసిన నైలాన్ పోగుల వేలెడేసి ముక్కలూ కాంక్రీటులో పడడం ఆమె కళ్లారా చూసింది. చూసింది కడుపులో దాచుకునే మనిషి కాదు. "సిమెంటు మింగేసి, గిన్నెలు తోమే సరుకుతో స్లాబేశాడమ్మా, కాలు పెడితే కూలిపోతుంది," అంది. సాయంత్రానికి సందంతా పాకింది.

స్లాబు వేసిన ఏడో రోజున సందు పెద్దాయన వచ్చాడు.

"గ్యాసు బండి ఎక్కించి చూద్దామా?"

"ఇప్పుడొద్దు బాబాయ్. బూడిద గట్టిదే గానీ నిదానస్తురాలు, మెల్లగా బిగుస్తుంది. పోగులు పగులుని పట్టి ఉంచుతాయి. ఇరవై ఎనిమిదో రోజున ఎక్కించండి," అన్నాడు మేస్త్రి.

"విరిగిందా, మిగతా కాలువ పని నీకు లేనట్టే."

"అలాగే."

మేస్త్రి తడి గోనెపట్టాలు కప్పి, రెండు పూటలా నీళ్లు పోస్తూ ఉండిపోయాడు. దొంగతనం మాట ఎత్తితే నవ్వేవాడు.

"దొంగకి గడువు కావాలిగా," అంది దర్జీ అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

గడువు రోజున నిండు సిలిండర్లతో బండి వచ్చింది. విరగకపోతే తన మాట పోతుంది, విరిగితే ఆ మనిషి కూడు పోతుంది. దర్జీ అక్క కుట్టు ఆపేసి, తన మాటే పోనీ దేవుడా అనుకుంది. బండి ఎక్కింది, దిగింది. డ్రైవరుకి సరదా పుట్టి వెనక్కి కూడా నడిపాడు. మేస్త్రి బోర్లా పడుకుని అడుగున టార్చి వేసి చూశాడు. వెంట్రుకవాసి పగులు లేదు. పెద్దాయన మిగతా పనీ అతనికే ఇచ్చాడు.

జనం వెళ్లాక దర్జీ అక్క ఉండబట్టలేక అడిగేసింది.

"దొంగన్నానని నీకు తెలుసు. కాదని ఒక్కసారైనా అనలేదేంరా తమ్ముడూ?"

"వేసిన పూటే, పచ్చి స్లాబు ఎవరూ తొక్కకుండా తాడు కడితే దాటుకుపోయారు, కర్రలు పాతితే పీకేశారు. నువ్వు కూలిపోతుందన్నాక పిల్లి కూడా ఎక్కలేదక్కా. అంత మంచి కాపలాని నేనెందుకు మాన్పిస్తాను?"