మూఢం చెప్పి అమ్మిన బండి

ఒక మనిషి కాలు పోవడానికి నేను కారణం. ఈ వాక్యం రాయడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. మొదటిసారి రాసినప్పుడు 'నేను కూడా ఒక కారణం' అని రాశాను. చూశారా, ఒప్పుకోవడం మొదలుపెట్టకముందే నా తరఫున వాదన మొదలుపెట్టాను. వాదించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఏ పక్షాన నిలబెట్టినా గెలవగలను. ఈ ఒక్క విషయంలో గెలవకూడదనుకుని కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యకు ఈ సంగతి చెప్పలేదు. ఆమెకు చెప్పలేకపోవడంలో వేరే సిగ్గు ఒకటి ఉంది. అది ఎందుకో ముందుకు వెళితే మీకే తెలుస్తుంది.

ఖమ్మంలో ఒక కార్ల షోరూంలో నేను సేల్స్ మేనేజర్‌ని. అది పొట్టకోసం. ఆదివారం వస్తే హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి, చిన్న పత్రికలకు వ్యాసాలు రాసేవాణ్ణి. అది నాకోసం. మూఢం మీద నా ఉపన్యాసానికి ఈ చుట్టుపక్కల కొంచెం పేరుండేది. వేదిక మీద ఒక పెద్ద బల్బు వెలిగించి, దాని పక్కనే మెరిసే గుండుసూది ఒకటి పట్టుకుని, "కనిపిస్తుందా?" అని అడిగేవాణ్ణి. ఎవరికీ కనిపించేది కాదు. "శుక్రుడు సూర్యుడి దిక్కుకు పోయాడు. వెలుగులో మన కంటికి ఆనడు. దాని పేరే మూఢం. కంటికి ఆననివాడు మీ పెళ్లి చెడగొడతాడా? మీ ఇల్లు కూలుస్తాడా?" జనం నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

కొత్తగూడెం గని కాలనీలో అట్లా మాట్లాడిన రోజే రాజలింగం పరిచయమయ్యాడు. గనిలో పంపు ఆపరేటర్. చర్చ మొదలవగానే లేచి నిలబడేవాడు. పంచాంగం చెప్పుకునే పెద్దమనిషి ఒకాయన ఆ రోజు అడ్డం తిరిగితే రాజలింగమే జవాబిచ్చాడు. "అయ్యగారూ, మీ శుక్రుడు నాగా పెట్టిండని మేం డ్యూటీ బంద్ పెట్టాల్నా?" హాలంతా గొల్లుమంది. నా ఉపన్యాసం కంటే ఆ ఒక్క మాటే అందరికీ గుర్తుంది. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

అతని భార్య కనకలక్ష్మి మాత్రం వారాలూ వర్జ్యాలూ చూసే మనిషి. ఆ ఇంట్లో రోజూ ఇదే తగువు, నవ్వుతూనే. సాధారణంగా అతనిదే పైచేయి. ఆ పైచేయి నా మాటల బలంతో వచ్చిందని అతను అందరితో చెప్పేవాడు.

ఇక ఆ యేడు సంగతి. లాక్‌డౌన్లు అయిపోయాయి. జనానికి సొంత బండి కావాలి. బండ్లు లేవు. గోరంత చిప్పు ఎక్కడో సముద్రాలవతల తయారు కావాలి, అది రావాలి, అప్పుడు గానీ ఇక్కడ బండి కదలదు. అడిగిన బండి మా దగ్గర లేదు, ఉన్న బండిని అడిగేవాడు లేడు. అంతలో కంపెనీ కొత్త మోడల్ ప్రకటించింది. దాని బొమ్మ ఫోన్లలోకి వచ్చిన రోజే పాత మోడల్ చచ్చిపోయింది. వైరా రోడ్డు పక్క యార్డులో పాత బండ్లు దుమ్ము తాగుతూ నిలబడ్డాయి. పాత స్టాకు ముందుగా ఖాళీ చేసినవాడికే కొత్తవి ముందుగా ఇస్తామని పైనుంచి కబురు. రోడ్డవతల ఇంకో బ్రాండు షోరూం ఉంది. వాళ్లకు చిప్పుల కరువు మా అంత తగల్లేదు. మా మెట్లు దిగిన మనిషి నేరుగా వాళ్ల మెట్లెక్కుతుంటే మా ఓనరు అద్దాల్లోంచి చూస్తూ నిలబడేవాడు. 

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? నా మీద ఒత్తిడి ఉందని మీకు తెలియాలనా? అవును, అందుకే. ఒత్తిడి లేనివాడెవడూ ఈ లోకంలో అబద్ధం చెప్పడు. కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

శ్రావణంలో రాజలింగం, కనకలక్ష్మి వచ్చారు. అతని అత్తగారి ఊరు భద్రాచలం దాటాక, చర్ల వైపు అడవిలోకి ఉంటుంది. ఆవిడకు ఒంట్లో బాగుండడం లేదు. బస్సుల్లో తిరగలేక కారు కొనుక్కుందామని. అతను నా ముందు కూర్చుని చెప్పు తీసి ఎడమ పాదం చూపించాడు.

"షుగర్ సార్. ఈ కాలు నాది కానట్టే ఉంటది. చెప్పు జారిపోయినా తెల్వదు. క్లచ్చి తొక్కుడు నాతోని కాదు. మీ కొత్త మోడల్ల క్లచ్చి లేకుంట వస్తదంట గద, దసరా దాక ఆగుత. లేదంటే అవతలోళ్ల దగ్గర ఇప్పుడే ఉన్నదంటున్నరు. ఏది మంచిగుంటదో మీరే చెప్పుండ్రి. మీరు చెప్పినంక ఇంకెవర్నీ అడగ."

'రోడ్డు దాటి ఆ షోరూంకు వెళ్లండి, రాజలింగం.' ఇది చెప్పడానికి క్షణం చాలు. నేనేం చెప్పానంటే, వాళ్ల సర్వీసు మీ కొత్తగూడెంలో లేదు, చిన్న రిపేరుకూ ఖమ్మం పరుగెత్తాలి అని. అది సగం నిజం. సగం నిజాల్లో నా చెయ్యి తిరిగింది. అతను అవతలి ఆలోచన మానుకున్నాడు. దసరాకు కొత్తదే తీసుకుంటానన్నాడు. దసరాకు వస్తుందని నాకే నమ్మకం లేదు. అప్పటిదాకా యార్డులో బండి అట్లాగే ఉంటుంది. అతను బయట నిలబెట్టిన బండ్లు చూడ్డానికి మా కుర్రవాళ్లతో వెళ్లాడు. కనకలక్ష్మి టీ తాగుతూ నా బల్ల ముందు మిగిలింది.

"సార్, మీరు తిట్టొద్దు గని," అని నవ్వింది. "దసరా మూఢంల పడ్డది గద ఈసారి."

"అవును. దీపావళి కూడా. కార్తీకం దాటాలి."

"ఆయనకు చెప్తె ఇనడు. మీ మీటింగులు తిరిగి తిరిగి చెడిపోయిండు."

నేనూ నవ్వాను. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆ మాట వచ్చింది. ముందే అనుకున్నానా, అప్పటికప్పుడు పుట్టిందా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు.

"చెల్లెమ్మా, సభలో మాట్లాడేది వేరు, ఇల్లు వేరు. మా ఇంట్లో కూడా మూఢం చూస్తాం. మూఢంలో బండి ఇంటికి తేం."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నిజంగనా సార్?"

"నిజమే. ఆయనతో అనకండి."

అంటుందని తెలుసు. అనాలనే ఆ చివరి మాట చేర్చాను.

ఇప్పుడు నా భార్య సంగతి చెప్పాలి. మా పెళ్లి మూఢంలో జరిగింది. కావాలనే ఆ రోజు పెట్టుకున్నాం. నేను ముహూర్తాన్ని కాదంటే నన్ను ఆదర్శవాది అన్నారు, దండ వేశారు. ఆమె కాదంటే ఆమె పుట్టింటివాళ్లు గడప తొక్కనివ్వలేదు. వాళ్లమ్మ చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. 'మా ఇంట్లో' అని నేను అమ్మకానికి పెట్టింది ఆమె ఇల్లు. ఆ ఇంటి గురించి అబద్ధమాడే హక్కు నాకెవరిచ్చారు?

కార్తీకం దాకా ఆగలేక, మూఢం రాకముందే, శ్రావణంలోనే రాజలింగం పాత మోడల్ తీసుకున్నాడు. క్లచ్చి ఉన్నదే. "మెల్లగ అలవాటైతదిలే సార్," అన్నాడు, నా మొహం చూడకుండా. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేటప్పుడు నేనెప్పుడూ ఏదో పని కల్పించుకుని లోపలికి పోయేవాణ్ణి. ఆ రోజు నిలబడ్డాను. ఫొటోలో నవ్వుతూ ఉన్నాను కూడా. పారిన మంత్రాన్ని ఎవడు వదులుతాడు? ఆ శ్రావణంలో ఆ మాటే ఇంకా కొందరి దగ్గర వాడాను. యార్డు ఖాళీ అయింది. ఆ నెల అమ్మకాల్లో మా బ్రాండు అవతలి బ్రాండును దాటింది. ఓనరు నా భుజం తట్టాడు. మా బ్రాండు అమ్మకాల గురించి తర్వాత పేపర్లో విశ్లేషణ చదివాను. సరఫరా చక్కబడింది, జనంలో నమ్మకం పెరిగింది, అమ్మకాలు పుంజుకున్నాయి అని రాశారు. నా అబద్ధం ఆ అంకెల్లో ఎక్కడో ఉంది. అంకెలకు వాసన ఉండదు.

దసరా తర్వాత రాజలింగం ఎడమ కాలి బొటనవేలికి పుండు పడింది. దేనివల్లో అతనికి తెలియదు. స్పర్శ లేని పాదానికి రాయి గుచ్చుకున్నా, పెడల్ ఒరుసుకున్నా ఒకటే. క్లచ్చి వల్లే అని నేను చెప్పను. కాదని కూడా చెప్పలేను. ఖమ్మంలో డాక్టరు వేలు తీసేయాలన్నాడు, వెంటనే. ఇప్పుడైతే వేలితో పోతుంది, ఆలస్యం చేస్తే పైకి పాకుతుందన్నాడు. మూఢం పోయాక చేయిద్దామని కనకలక్ష్మి అంది. కట్లు మార్పించుకుంటూ రోజులు గడిపారు. మూఢం పోయేసరికి వేలితో పోయే దశ దాటిపోయింది. మోకాలి కింద వరకు తీసేశారు.

నేను దవాఖానాకు వెళ్లాను. పళ్లు కొనుక్కుని మరీ వెళ్లాను. మంచం మీద రాజలింగం, పక్కన స్టూలు మీద కనకలక్ష్మి. దుప్పటి ఒక వైపు చదునుగా ఉంది.

"ముందుగాలనే రావాల్సింది గదా," అన్నాను. అవును, ఆ మాట నేనే అన్నాను.

కనకలక్ష్మి నన్ను తప్పు పట్టలేదు. నేను తన పక్షమే అన్నట్టు మాట్లాడింది. "ఇనుప బండికే మూఢం చూడాలె అంటిరి గద సార్. మనిషి ఒంటి మీద కత్తి పెట్టెటందుకు చూడొద్దా? ఈయన ఒకటే లొల్లి, ఇప్పుడే చేపిచ్చుకుంట అని. సార్ ఇంట్లనే చూస్తరంట, నువ్వెంత అన్న. ఇగ మాట్లాడలే."

రాజలింగం నా వైపు తల తిప్పాడు. బండి కొన్నప్పటి నుంచి అతను నన్ను సూటిగా చూడడం అదే మొదలు.

"అవ్ సార్? మీ ఇంట్ల చూస్తరా?"

గట్టిగా అడగలేదు. నిలదీయలేదు. నేను కాదంటాననే ఆశ అతని మొహంలో ఉంది. కాదంటే, తన వాదన నిజమే అయి ఉండేది. కాలు పోయినా తల మిగిలేది.

"చూస్తాం," అన్నాను.

"అట్లనా," అన్నాడు. భార్య వైపు తిరిగి, "నువ్వు చేసింది కరెక్టేనే," అన్నాడు.

నా అసలు నేరం షోరూంలో చేసింది కాదు, ఇది. మొదటి అబద్ధం బండి కోసం. రెండోది దేనికోసం? ఎన్నో రోజులు నాకు నేనే ఒక గొప్ప జవాబు చెప్పుకున్నాను. కాదని చెబితే కనకలక్ష్మి ఏమైపోయేది? మొగుడి కాలు తన చేతులతో పోగొట్టానని కుమిలిపోయేది. ఆమెను కాపాడాను నేను. ఎంత బాగుంది వాదన! వేదిక మీదైతే చప్పట్లు పడేవి. కానీ ఆ మంచం పక్కన నిలబడ్డ క్షణంలో ఆమె నా తలపులోనే లేదు. ఈ కథ కొత్తగూడెం కాలనీలో తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి, సభల్లో నన్నెవరు పిలుస్తారు అన్నదే ఉంది. ఆమెపై జాలి తర్వాత వచ్చింది, బాగా తర్వాత, సాకు అవసరమయ్యాక.

ఇంకో వాదన కూడా ఉంది. షుగరు నేను తెప్పించలేదు. డాక్టరు మాట కాదన్నది వాళ్లు. ముందే వేలు తీసినా పుండు పాకేదేమో, ఎవరికి తెలుసు? కార్యకారణ సంబంధం రుజువు కాలేదు. తాయెత్తు కట్టి పిల్ల ప్రాణం మీదికి తెచ్చిన ఒక భూతవైద్యుడు ఇదే మాట అంటే నా వ్యాసంలో చీల్చి చెండాడాను. వాడి కంటే నేను హీనం. వాడు తన తాయెత్తును నమ్మాడు.

రాజలింగం ఇప్పుడు కృత్రిమ కాలుతో నడుస్తున్నాడు. క్లచ్చి తొక్కలేక బండి అమ్మేశాడు. క్లచ్చి లేనిదయితే, ఆ ఒక్క కుడికాలితో ఇప్పటికీ నడుపుకునేవాడు. సభలకు రావడం మానేశాడు. యూనియన్ ఆఫీసు ముందు టీ బండి దగ్గర ఎవరైనా కుర్రాళ్లు పంచాంగాన్ని ఎగతాళి చేస్తే, "అందరిళ్లల్ల చూస్తర్రా, బయట చెప్పరంతె. పెద్ద పెద్ద సార్లే చూస్తరు," అంటున్నాడని విన్నాను. నా పేరు మాత్రం ఎత్తడట. నా పరువు కాపాడుతున్నాడు. ఆ మర్యాదను నేను ఎట్లా మోయాలి?

బల్బూ గుండుసూదీ పట్టుకుని నేను మళ్లీ వేదిక ఎక్కలేదు. గొంతు బాగుండడం లేదని చెబుతుంటాను. అదీ అబద్ధమే. వ్యాసాలు రాస్తూనే ఉన్నాను, వేడిగానే రాస్తున్నాను. ఇక్కడ మాత్రం పేరు పెట్టడం లేదు. ఇందులో ధైర్యమేమీ లేదని నాకు తెలుసు. మీరు క్షమించే స్థానంలో లేరు, నేను అడిగే స్థానంలోనూ లేను.

రాజలింగం, ఆ రోజు నీకు చెప్పాల్సింది ఇది. మా ఇంట్లో మూఢం చూడం. ఎన్నడూ చూడలేదు. నువ్వు అన్నదే నిజం, మొదటి నుంచీ. కనకలక్ష్మి తప్పు చేయలేదు, నమ్మదగిన మనిషనుకుని నన్ను నమ్మింది. యార్డులో మిగిలిపోయిన ఒక బండి వదిలించుకోవడానికి నేను అబద్ధమాడాను.

రాసేశాను. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.